వంశం చెప్పేవారు, చెప్పించుకునేవారు

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేల మధ్యనున్న ఊళ్లలో వంశచరిత్ర చెప్పడం ఒకప్పుడు పొట్టపోసుకునే వృత్తి. తాతముత్తాతల పేర్లు ఎవరింట్లో వారు గుర్తుపెట్టుకునేది మూడు నాలుగు తరాల వరకే. అంతకు మించి కావాలంటే దానికో మనిషి ఉండేవాడు. అతనికి గింజలో బట్టలో ఇచ్చి చెప్పించుకునేవారు. ఆ మనిషి స్థానంలోకి తర్వాత కరణం దస్త్రం, కోర్టు తీర్పు, చర్చి రిజిస్టరు, అచ్చు పుస్తకం, ఇంటర్నెట్టులో వంశవృక్షం ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇప్పుడు అమెరికాలో స్థిరపడిన తెనాలి, నరసరావుపేట, ఒంగోలు వైపు కుటుంబాల పిల్లలు చిన్న గొట్టంలో ఉమ్మినీరు నింపి పంపి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటున్నారు. సాధనాలు ఎన్ని మారినా వంశావళి మాత్రం ఖర్చు పెట్టుకున్నవాడి వైపు నుంచే తయారవుతూ వచ్చింది. ఎవరి పేర్లు నిలిచాయో, ఎవరివి చెరిగిపోయాయో దాన్నిబట్టే తేలింది.

ఈ ప్రాంతంలో రాతలో దొరికే తొలి వంశావళులు రాజులవి. చందవోలు రాజధానిగా పదకొండో శతాబ్ది చివరి నుంచి పదమూడో శతాబ్ది మొదటి దాకా ఏలిన వెలనాటి చోడులు తమ పూర్వీకుల వరసను శాసనాల్లో చెక్కించారు. పృథ్వీశ్వరుడి కాలంలో 1186లో వేసిన పిఠాపురం శాసనం అందులో పేరున్నది. తాము నాలుగో వర్ణం వారమన్న సంగతి వాళ్లు దాచుకోలేదు, గౌరవంగానే చెప్పుకున్నారు. 1325 నుంచి 1424 వరకు సాగిన కొండవీటి రెడ్డిరాజ్యంలోనూ ఇదే పద్ధతి నడిచింది. ఈ ప్రశస్తులు రాసింది రాజు పెట్టిన తిండి తిన్న కవులు. గెలిచిన యుద్ధాలు, కట్టించిన గుళ్లు, ఇచ్చిన అగ్రహారాలు వరసగా వస్తాయి. ఓడిపోయిన తాతలు మాత్రం కనబడరు. వంశం చెప్పడమంటే పొగడడం కూడా అన్న అలవాటు ఇక్కడే పాతుకుపోయింది.

రాజుల దగ్గర కవులు చేసిన పనిని పెద్ద భూస్వాముల ఇళ్లలో భట్రాజులు చేశారు. పెళ్లిళ్లలో, పట్టాభిషేకాల్లో నిలబడి వంశకీర్తి చదవడం వాళ్ల హక్కు. కాపుదనపు ఇళ్లకు మాత్రం పిచ్చుకుంట్లవారే దిక్కు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన కులాల సంపుటాల్లో వీళ్ల గురించి రాశాడు. జ్వరానికీ కడుపునొప్పికీ మందులిస్తారు, కథలు చెబుతారు, కాపులకూ కమ్మవారికీ గొల్లలకూ వంశావళులూ గోత్రాలూ చెబుతారు, అవసరమైతే తయారుచేసి కూడా ఇస్తారు అన్నది ఆయన మాటల సారాంశం. తయారుచేస్తారన్న మాట ఎత్తిపొడుపుగా కనిపించినా వృత్తి తత్వం అందులోనే ఉంది. కొత్తగా భూమి సంపాదించిన ఇంటికి పాత వంశం కావాలి. దాన్ని ఇవ్వగలవాడు పిచ్చుకుంట్లవాడు.

ఆ చెప్పడం ఎలా సాగేదో కాస్త దగ్గరగా చూడాలి. పంట నూర్చి గింజ ఇంటికి చేరే రోజుల్లో కుటుంబంతో సహా ఊరికి వస్తారు. తమకు హక్కున్న ఇళ్ల వాకిళ్ల ముందు నిలబడి ఇంటిపేరు ఎత్తుకుంటారు. మూలపురుషుడు ఏ ఊరి నుంచి వచ్చాడు, ఎందుకు వచ్చాడు, ఏ చెరువుగట్టు కింద మొదట నాగలి పెట్టాడు, అతనికి ఎందరు కొడుకులు, వాళ్లలో ఎవరు ఏ ఊరికి చీలిపోయారు అంటూ కొమ్మ కొమ్మగా దిగుతూ వస్తారు. చివరికి వాకిట్లో నిలబడ్డ ఇంటి యజమాని పేరు, అతని కొడుకుల పేర్లు వినిపిస్తాయి. పోయినసారి వచ్చివెళ్లాక పుట్టిన మగపిల్లల పేర్లు అడిగి వరసలో చేర్చుకుంటారు. కళ్లంలో కొలిచే మేర, ఇంటి ఇల్లాలు ఇచ్చే పాతచీర, ఒక పూట భోజనం ఆ పనికి కూలి. ఇచ్చిన ఇల్లు వరసలో నిలుస్తుంది. చితికిపోయి ఇవ్వలేని ఇంటి వాకిట్లో పాడటం మానేస్తారు, ఒకటి రెండు తరాల్లో ఆ కొమ్మ వాళ్ల నోట ఎండిపోతుంది. మూలపురుషుడూ, ఇటీవలి నాలుగు తరాలూ స్పష్టంగా ఉండి నడిమి తరాలు కుదించుకుపోవడం నోటి వంశావళులన్నిటికీ ఉన్న లక్షణం. ఈ వాకిలి లెక్క దాన్ని ఇంకా పెంచింది.

తమ పుట్టుక గురించి వాళ్లలో వాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. ఒక రెడ్డికి నూటొక్కమంది కొడుకులట. ఒకడు కుంటివాడు. అతన్ని తాము పోషించుకుంటామని తక్కిన వందమంది ఒప్పుకున్నారట, అతని సంతతే తామట. యాచనకు వచ్చినవాళ్లం కాదు, వాటా అడగడానికి వచ్చిన తోడబుట్టినవాళ్లం అని ఈ కథ చెబుతోంది. కులం పేరులోని చిన్నచూపు భరించలేక తర్వాతి తరాలవారు మార్పు కోరారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వెనకబడిన తరగతుల జాబితాలో ఇప్పుడు వాళ్ల పేరు వంశరాజ్. వాళ్ల పనికి ఇంతకన్నా తగిన పేరు దొరకదు.

తెలుగునాట చాలా కులాలకు ఇలా తమవైన ఆశ్రితులు ఉన్నారు. కోమట్లకు వీరముష్టులు, గొల్లలకు మందహెచ్చులు, పద్మశాలీలకు కూనపులివారు, మాలలకు మాష్టీలు, మాదిగలకు డక్కలివారు. అయితే భూమి లేని కులాల ఆశ్రితులు చెప్పింది ఎక్కువగా కులం మొత్తానికి సంబంధించిన పురాణం. జాంబవ పురాణం వంటివి సృష్టి మొదలు నుంచి మొదలవుతాయి, మాదిగలు ఎంత తొలినాటివాళ్లో చెబుతాయి. ఫలానా గుడిసెలోని ఫలానా మనిషి తాత ఎవరన్నది వాటిలో తక్కువ. పొలం పంపకం ఉన్నచోటే మనిషి పేరు పట్టి చెప్పే వంశావళికి గిరాకీ ఉంటుంది.

పల్నాడు కారెంపూడిలో మరో రకం వంశస్మృతి నిలిచింది. పన్నెండో శతాబ్దిలో జరిగిందని చెప్పే పల్నాటి యుద్ధంలో పడిన వీరులకు కార్తీక అమావాస్య మొదలు అయిదు రోజులు ఉత్సవం చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. వీరాచారం పాటించే కుటుంబాలు తమ ఇంటి వీరుడి ఆయుధాలుగా భావించే కొణతాలను దూరపు ఊళ్ల నుంచి మోసుకొచ్చి నాగులేటిలో కడుగుతాయి. వీరవిద్యావంతులు కథ పాడతారు. ఇక్కడ వంశమంటే రక్తం ఒక్కటే కాదు. వేర్వేరు కులాల వీరులు ఒకే పంక్తిలో కూర్చున్న కథ కాబట్టి వేర్వేరు కులాల వారసులు ఒకే చోట చేరతారు. ఏ డీఎన్‌ఏ పరీక్షకూ అందని బంధుత్వం ఇది, ఈ మైదానాల చరిత్రలో అరుదైనదీ ఇదే.

ఇళ్లలో రోజువారీ వాడుకకు ఇంటిపేరు, గోత్రం సరిపోయాయి. ఇంటిపేర్లలో పెద్ద భాగం ఊరిపేర్ల నుంచి వచ్చినవే. దుగ్గిరాల, పాటిబండ్ల, ముప్పాళ్ల ఉన్నవున్నట్టే నిలిచాయి. నూతలపాడు నూతలపాటి అయింది, కొల్లూరు కొల్లూరి అయింది. ఇంటిపేరు చెప్పే ఊరిలో ఆ ఇంటివాళ్లు ఒక్కరూ లేకపోవడం మామూలే, వదిలి వచ్చాకే ఆ ఊరిపేరు గుర్తుగా పనికొచ్చింది. పెళ్లిలో పురోహితుడు వరుడి మూడు తరాలు, వధువు మూడు తరాలు చదువుతాడు. ఫలానా వారి మునిమనవడు, ఫలానా వారి మనవడు, ఫలానా వారి కొడుకు. అమ్మాయి వైపూ తండ్రి, తాత, ముత్తాతల పేర్లే వస్తాయి. కన్నతల్లి ఎదురుగా పీటల మీద కూర్చుని ఉన్నా ఆమె పుట్టింటి మాట రాదు. ఆడవాళ్ల పేర్లు వంశావళిలో నిలవకపోవడానికి మరుపు కారణం కాదు. ఆ పద్ధతే వాళ్లను లెక్కలో పెట్టుకోలేదు.

గుంటూరు సర్కారు 1788లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక ఈ నోటిమాటలు కాగితం మీదికి ఎక్కసాగాయి. సర్వే అధికారి కాలిన్ మెకంజీ తరఫున ఏలూరు వాస్తవ్యులు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య ఊరూరి కరణాల చేత గ్రామచరిత్రలు రాయించారు. అవే కైఫీయతులు. తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు తీయించి కాపాడాడు. గ్రామం ఎప్పుడు కట్టారు, గుడి ఎవరిది, కరణీకం మిరాశీ ఏ ఇంటికి ఎలా సంక్రమించింది అన్నవి వీటిలో పుష్కలం. రాసినవాడు కరణం కాబట్టి కరణాల వంశాలు చక్కగా నిలిచాయి. పాలేరు, వెట్టి, చాకలి, మంగలి కుటుంబాలు వృత్తి పేరుతో ఊరి జాబితాలో ఉంటాయి గానీ తరాల వరసతో ఉండవు. అయినా ఈ కైఫీయతులు లేకపోతే గుంటూరు పల్లెల చరిత్ర సగం చీకట్లోనే ఉండిపోయేది.

1832–33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు ఈ వరసలను తెంపేసింది. డొక్కల కరువని ఇప్పటికీ చెప్పుకునే ఆ ఏడాది గుంటూరు జిల్లాలో సుమారు అయిదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయారని లెక్క. చెప్పేవాడూ చెప్పించుకునేవాడూ ఇద్దరూ పోయిన ఇళ్ల వంశావళి అక్కడితో ఆగింది. ఈ వైపు కుటుంబాలు తమ మూలం వెతుక్కుంటూ వెనక్కి వెళ్లినప్పుడు పంతొమ్మిదో శతాబ్ది మొదటి భాగంలో తరచు దారి మూసుకుపోతుంది. ఆ గోడ వెనక ఈ కరువుంది.

1858 తర్వాత మద్రాసు ప్రభుత్వం ఇనాం భూముల విచారణ మొదలుపెట్టింది. మాన్యం అనుభవిస్తున్నవాడు తన హక్కు నిరూపించుకోవాలంటే మొదటి గ్రహీత ఎవరు, అతనికీ తనకూ బంధుత్వం ఏమిటి, వారసులు ఎవరెవరు అన్నది చెప్పాల్సి వచ్చింది. ఆ వివరాలు ఇనాం రిజిస్టర్లకు ఎక్కాయి. భూమి దావాలు నడిపే ప్లీడర్లు ఇప్పటికీ వాటి నకళ్లు తీయిస్తారు. పూజారి, కరణం, కంసాలి, దేవాలయ సేవకుల ఇళ్లకు అత్యంత నమ్మదగిన వంశాధారం ఇదే. అబద్ధం చెబితే మాన్యం పోతుందన్న భయం ఆ కాగితానికి బలమిచ్చింది.

కోర్టులు మరింత లోతుకు వెళ్లాయి. అమరావతిని కట్టించిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో చనిపోయాడు. ఆయన ఇద్దరిని దత్తత తీసుకున్నాడు. ఆస్తి ఎవరిదన్న తగాదా లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. మొదటి దత్తపుత్రుడు బతికి ఉండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది. రంగమ్మ, అచ్చమ్మ అన్న ఇద్దరు స్త్రీల పేర్లతో ఆ వ్యాజ్యం న్యాయశాస్త్ర గ్రంథాల్లో నిలిచింది. పెళ్లి మంత్రంలో చోటులేని ఆడవాళ్ల పేర్లకు దావా కాగితంలో చోటు దొరికింది. ఈ ప్రాంతపు రెడ్లలో, కమ్మవారిలో ఉన్న ఇల్లటం ఆచారాన్ని కూడా మద్రాసు హైకోర్టు 1880ల్లోనే గుర్తించింది. మగపిల్లలు లేని ఇంట అల్లుడిని తెచ్చుకుని కొడుకు వాటా ఇవ్వడమే ఇల్లటం. అల్లుడు తన ఇంటిపేరే ఉంచుకుంటాడు, పొలం మామగారిది. ఊరివాళ్లు మాత్రం కాలక్రమంలో ఆ పిల్లలను తల్లివైపు ఇంటిపేరుతో కూడా పిలుస్తారు. ఇంటిపేరూ రక్తమూ ఒకే దారిన నడుస్తాయన్న నమ్మకానికి దత్తత, ఇల్లటం రెండూ పెద్ద మినహాయింపులు. డీఎన్‌ఏ పరీక్షల కాలంలో వీటి అవసరం మళ్లీ పడింది.

ఏ భట్రాజూ ఏ కరణమూ రాయని మనుషుల పేర్లను మొదటిసారి వరసగా రాసింది చర్చి, పోలీసు. గుంటూరులో లూథరన్ మిషనరీ హేయర్ 1842లో పని మొదలుపెట్టాడు. ఒంగోలులో జాన్ క్లౌ అమెరికన్ బాప్టిస్టుల తరఫున 1866లో కాలుపెట్టాడు. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ పనిలో కాంట్రాక్టు తీసుకుని మాదిగ కుటుంబాలకు కూలి చూపించాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లలో పేరు, ఊరు నమోదయ్యాయి. ఒంగోలు, గుంటూరు చుట్టుపక్కల ఎన్నో దళిత కుటుంబాలకు రాతలో దొరికే మొదటి ముత్తాత ఆ పుస్తకాల్లోనే ఉన్నాడు. అప్పటి మిషన్ కాగితాల్లో కొన్ని సముద్రం దాటి వెళ్లిపోయాయి, అమెరికన్ బాప్టిస్టుల చరిత్ర సంస్థ ఇప్పుడు అట్లాంటాలో ఉంది. ఒంగోలు మనవడు తన పూర్వీకుడి పేరు కోసం అమెరికాకు ఉత్తరం రాయాల్సి రావడం బాధపెట్టే విషయమే. అయినా ఆ పేరు ఎక్కడో ఒకచోట మిగిలింది.

బాపట్ల దగ్గర స్టూవర్టుపురం కథ మరింత కఠినం. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఒకచోట ఉంచేందుకు 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఆ సెటిల్మెంట్ పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. పుట్టిన బిడ్డ కూడా పుట్టుకతోనే ఆ జాబితాలోని కుటుంబానికి చెందుతుంది. ఆ చట్టం దేశమంతటా 1952 నాటికి రద్దయింది. తాతల పేర్లు వెతుక్కునే ఎరుకల యువకుడికి ఆ పేర్లు అనుమానితుల జాబితాల మధ్య ఎదురవుతాయి. ఇక్కడ రాయించింది ప్రభుత్వం. వంశం ఎందుకు రాస్తున్నారన్నదే ఆ వంశానికి వచ్చే గౌరవాన్ని నిర్ణయిస్తుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

సముద్రం దాటిన తెలుగువాళ్లకు బ్రిటిషు కాలపు గుమాస్తాలే భట్రాజులయ్యారు. కోరంగి నుంచి కోరంగా ప్యాకెట్ అనే ఓడ 1843లో తెలుగువాళ్లను మారిషస్ చేర్చింది. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు మొదటి కూలీలను తీసుకెళ్లింది. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు వలస సాగింది, మద్రాసు వైపు వాళ్లు 1903 నుంచి వెళ్లారు. ఎక్కినవాళ్ల పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రిజిస్టరులో రాసేవారు. మారిషస్‌లో మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆ దస్త్రాలను కాపాడుతోంది, వారసులు అడిగితే వివరాలు ఇస్తుంది. తెలుగు పేర్లను చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాయడంతో ఊరిపేర్లు గుర్తుపట్టలేనట్టు మారాయి. ఇంటిపేరు చాలాచోట్ల రాయనే లేదు. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఉత్తరాంధ్ర, గోదావరి వైపువాళ్లు.

ఇరవయ్యో శతాబ్దిలో చదువుకున్న కులాలు తమ చరిత్ర తామే అచ్చువేసుకున్నాయి. 1930ల చివర, 1940ల మొదట కొత్త భావయ్య చౌదరి కమ్మవారి చరిత్రను సంపుటాలుగా తెచ్చారు. శాసనాలు, కైఫీయతులు, ఇంటిపేర్లు, గోత్రాలు ఒకచోట చేర్చిన ఆ శ్రమ చిన్నది కాదు. అయితే ఇలాంటి పుస్తకాలు వచ్చాక పిచ్చుకుంట్లవారి పాట వినేవాళ్లు తగ్గారు. తాము నిన్నటిదాకా ఎవరి నోట విన్నారో ఆ మనిషిని పాఠకులు వదిలేశారు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం గ్రామాధికారుల పదవులు రద్దు చేయడంతో కరణం ఇంటి బీరువా కూడా ఊరివాళ్లకు దూరమైంది. అడంగళ్లు, డైగ్లాట్లు వంటి భూమి దస్త్రాలు తాలూకా ఆఫీసులకు చేరాయి.

అప్పటికే కుటుంబాలు చెల్లాచెదురవుతున్నాయి. డెల్టా రైతులు నిజాంసాగర్ కిందికీ, 1950ల తర్వాత తుంగభద్ర ఆయకట్టులో సింధనూరు, గంగావతి క్యాంపులకూ పొలాల కోసం వెళ్లారు. తర్వాతి తరం డాక్టర్లుగా, ఇంజినీర్లుగా అమెరికా చేరింది. 1977లో అక్కడి తెలుగువాళ్ల సంఘం తానా పుట్టింది. ఈ తరానికి వంశవృక్షం ఇంటర్నెట్టులో కట్టుకునే వీలు 2000ల మధ్య నుంచి వచ్చింది. గెనీ, మైహెరిటేజ్, యాన్సెస్ట్రీ, మోర్మన్ చర్చి నడిపే ఉచిత సంస్థ ఫ్యామిలీసెర్చ్ అందరికీ తెలిసిన పేర్లు.

తెలుగు కుటుంబం ఈ సైట్ల గడుల్లో సరిగ్గా ఇమడదు. ఇంటిపేరు ముందు వస్తుంది, పాస్‌పోర్టులో అది ఒక పొడి అక్షరమైపోయి, సొంతపేరే చివరిపేరుగా నమోదవుతుంది. తండ్రికీ కొడుక్కీ చివరిపేర్లు కలవకపోతే వ్యవస్థ వాళ్లను వేర్వేరు కుటుంబాలుగా చూస్తుంది. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే వెంకటసుబ్బయ్య మూడుసార్లు కనబడతాడు, ఇద్దరిని ఒకరిగా కలిపేయమని సలహా వస్తుంది. మేనరికం పెళ్లిళ్లు ఉన్న ఇంట ఒకే మనిషి తాతగానూ మేనమామగానూ మామగారిగానూ మూడు చోట్ల ఉండాలి. కొమ్మలు మళ్లీ కలిసే చెట్టును గీయడానికి ఆ పటాలు తడబడతాయి. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఆధారాలు లేకపోవడం. ఇంగ్లండు కుటుంబానికి జనాభా లెక్కల కాగితాలు పేరుపేరునా దొరుకుతాయి. గుంటూరు కుటుంబానికి దొరికేది పెద్దమ్మకు గుర్తున్నంత మేరకే. అయినా ఈ చెట్లు కట్టే పనిలో ఆడవాళ్లు ముందుండి నానమ్మల పుట్టింటి పేర్లు అడిగి రాయడం ఒక నిజమైన మార్పు. ఆడపిల్లకు గడి లేకుండా ఆ పటం ముందుకు కదలదు.

డీఎన్‌ఏ విద్య ఈ నేలకు మొదట పరిశోధనగా వచ్చింది. హైదరాబాదులో 1977లో ఏర్పడిన జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ మన దేశంలో డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతికి పునాది వేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయపు మానవశాస్త్రజ్ఞులు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి విశాఖ జిల్లా కులాల నమూనాలు పరిశీలించారు. పెళ్లిళ్ల ద్వారా స్త్రీలు కులాల మధ్య కదిలిన ఆనవాళ్లు, పురుషుల వరసల్లో ఆ కదలిక లేకపోవడం 1998లో వెలువడిన పరిశోధనలో కనిపించాయి. వంశావళులు ఎవరిని రాయకుండా వదిలేశాయో వాళ్ల ప్రయాణమే అక్కడ బయటపడింది. 2009లో సీసీఎంబీ, హార్వర్డ్ బృందాలు భారతీయుల్లో దాదాపు అన్ని సమూహాలూ రెండు పురాతన జనధారల కలయికేనని, ఎవరిలో ఏది ఎంత అన్నదే తేడా అని చూపించాయి. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్యకాలంలో సాగి, తర్వాత కులం లోపలి పెళ్లిళ్లతో ఆగిందని 2013 నాటి పరిశోధన తేల్చింది. తమ వంశం వేరు, మూలం వేరు అని శతాబ్దాలుగా పాడించుకున్న ఇళ్లన్నిటికీ ఇది ఒకటే జవాబు.

ఆర్యవైశ్యుల ఉదాహరణ ఈ మైదానాలకు బాగా దగ్గరిది. మిర్చి, పత్తి వ్యాపారాల్లో తరతరాలుగా ఉన్న ఈ కులంలో 102 గోత్రాల కథ పెనుగొండ వాసవీ కన్యక చుట్టూ అల్లుకుంది. రెండు మూడు వేల ఏళ్ల కిందట కొద్దిమంది పూర్వీకుల నుంచి ఈ సమూహం విస్తరించి, ఆ తర్వాత లోపలే పెళ్లిళ్లు చేసుకుందని జన్యువులు చెబుతున్నాయి. ఆ కథకూ ఈ లెక్కకూ నేరుగా ముడిపెట్టడం తొందరపాటే. కానీ దీని ఫలితం ఆపరేషన్ బల్ల మీద కనిపిస్తుంది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలించే సక్సినైల్‌కోలీన్ మందు మామూలుగా నిమిషాల్లో విరిగిపోతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైము లోపం వైశ్యుల్లో ఎక్కువ, అలాంటివాళ్లకు ఊపిరి కండరాలు గంటల తరబడి కదలవు. వంశం తెలుసుకోవడం ప్రాణాన్ని కాపాడే సందర్భం ఇది.

కంపెనీల కిట్లు మరో దారిలో వచ్చాయి. హ్యూస్టన్‌లో ఫ్యామిలీ ట్రీ డీఎన్‌ఏ 2000లో, ట్వంటీత్రీ అండ్ మీ ఉమ్మినీటి పరీక్ష 2007లో, యాన్సెస్ట్రీ పరీక్ష 2012లో మొదలయ్యాయి. హైదరాబాదు కంపెనీ మ్యాప్‌మైజీనోం తన పరీక్షకు జన్మపత్రిని తలపించేలా జీనోంపత్రి అని పేరు పెట్టింది. అరగంట ఏమీ తినకుండా తాగకుండా ఉండి గొట్టంలో గీత దాకా ఉమ్మినీరు నింపి, మూత నొక్కితే లోపలి ద్రవం కలుస్తుంది. పెట్టెలో పెట్టి పోస్టు చేస్తారు, కొన్ని వారాలకు ఫోనులో ఫలితం వస్తుంది.

తెలుగు కస్టమర్‌కు మొదటి అనుభవం తరచు నిరాశే. పటం మీద దక్షిణ భారతం మొత్తానికి ఒకే రంగు, దాని పక్కన నూటికి నూరు లేదా దాని దరిదాపు అంకె. ఆ మాత్రం తెలియడానికి డబ్బు పెట్టనక్కర్లేదని చాలామంది అనుకున్నారు. లోపం కస్టమర్ రక్తంలో లేదు, పోల్చిచూసే నమూనాల కొరతలో ఉంది. ప్రపంచమంతా వాడుకునే వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టులో తెలుగువాళ్ల తరఫున ఉన్నది బ్రిటన్‌లో ఉంటున్న 102 మంది. 2015లో పూర్తయిన ఆ పట్టికలో మొత్తం 2,504 మంది. నమూనాలు పెరిగేకొద్దీ కంపెనీలు లెక్క మార్చాయి, ఉమ్మినీరు అదే అయినా శాతాలు మారాయి. పిచ్చుకుంట్లవాడు కొత్త కొడుకుల పేర్లు చేర్చినట్టే ఇదీ సాగుతోంది, కాకపోతే ఇక్కడ పాత తాతలు కూడా మారిపోతారు.

బంధువుల జాబితాలో అసలు చిక్కు ఉంది. రెండు డీఎన్‌ఏలలో ఉమ్మడిగా ఉన్న ముక్కల పొడవును కొలిచి, ఇంత పొడవుంటే ఇన్నో తరం బంధువని కంపెనీ అంచనా వేస్తుంది. ఆ లెక్క ఎక్కువగా ఐరోపా సంతతి కుటుంబాలను చూసి కట్టినది. మేనత్త కొడుకునో మేనమామ కూతురినో చేసుకున్న దంపతుల బిడ్డకు ముత్తాతలు, ముత్తవ్వలు ఎనిమిదిమంది ఉండాల్సిన చోట ఆరుగురే ఉంటారు. పది తరాల పాటు కొన్ని ఊళ్ల మధ్యే పిల్లనిచ్చి పుచ్చుకుంటే అవే ముక్కలు ఎన్నో దారుల్లో వచ్చి చేరతాయి. అందుకే డల్లాస్‌లోని అమ్మాయికి మూడో తరం బంధువుగా కనబడ్డ మనిషితో మాట్లాడితే, కులం ఒకటే, ఇంటిపేర్లు వేరు, ఉమ్మడి తాత ఎక్కడా దొరకడు. ఉన్న బంధుత్వం నిజమే, కానీ ఒక్క తాతది కాదు, వందలమందిది. ఇరుపక్కలా ఊళ్ల పేర్లు, నానమ్మల పుట్టిళ్లు రాసుకుని పోల్చుకుంటే తప్ప ఆ చిక్కు విడదు.

తండ్రి నుంచి కొడుకుకే వెళ్లే వై క్రోమోజోము ఇంటిపేరు నడిచిన దారిలోనే నడుస్తుంది. అందువల్ల ఒకే ఇంటిపేరున్న రెండు శాఖలు దాన్ని పోల్చుకోవచ్చు. కలవకపోతే కంగారు పడనక్కర్లేదు. ఒకే ఊరు వదిలిన రెండు వేర్వేరు కుటుంబాలకు ఒకే ఇంటిపేరు వచ్చి ఉండవచ్చు, మధ్యలో దత్తతో ఇల్లటమో ఉండవచ్చు. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ మాత్రం ఏ గోత్రమూ గుర్తుపెట్టుకోని వరసను చెబుతుంది.

ఈ పరీక్ష అందరికన్నా ఎక్కువ అవసరమైనవాళ్లు దత్తత మీద విదేశాలకు వెళ్లినవాళ్లు. 1999, 2001 సంవత్సరాల్లో ఆంధ్రప్రదేశ్‌లో లంబాడీ పసికందుల అమ్మకాలు బయటపడి, విదేశీ దత్తతల మీద పెద్ద దుమారం రేగింది. అలా వెళ్లిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. తల్లి పేరు చెప్పే కాగితం అబద్ధమైతే వాళ్లకు మిగిలే ఆధారం డీఎన్‌ఏ ఒక్కటే. కానీ జాబితాలో బంధువు దొరకాలంటే తండాలో ఉన్న తల్లో అక్కో పరీక్ష చేయించుకుని ఉండాలి. అమెరికాలోని సంపన్న కుటుంబాలతో నిండిన జాబితాలో ఆమె పేరు ఉండదు.

కోర్టుల్లో ఈ పరీక్షకు హద్దులున్నాయి. తండ్రిత్వం తేల్చే రక్తపరీక్షను అడిగిందే తడవుగా ఆదేశించరాదని సుప్రీంకోర్టు గౌతమ్ కుందూ కేసులో 1993లో చెప్పింది. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డను ఆ దంపతుల బిడ్డగానే చట్టం చూస్తుంది. కంపెనీల దగ్గర చేరిన సమాచారానికి అంత కాపలా లేదు. 2023లో ట్వంటీత్రీ అండ్ మీ ఖాతాల్లోకి దొంగలు చొరబడి దాదాపు 69 లక్షల మంది వివరాలు పట్టుకుపోయారు. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాళా పిటిషన్ వేసింది. సహవ్యవస్థాపకురాలు యాన్ వొజిసికి నడిపే సంస్థ 30.5 కోట్ల డాలర్లకు దాన్ని కొనుక్కుంది. భారత్‌లో డీఎన్‌ఏ నియంత్రణ బిల్లును 2019లో లోక్‌సభలో పెట్టి, 2023లో వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతి ఇచ్చిన మనిషి హక్కుల గురించి మాట్లాడుతుంది. పది తరాలుగా పిల్లనిచ్చి పుచ్చుకున్న నాలుగైదు ఊళ్లలో ఒక్కరు ఇచ్చిన నమూనా మిగతా వేలమంది గురించి కూడా చెబుతుంది. సంతకం పెట్టింది ఆ ఒక్కరే. మిగతావాళ్లను ఎవరూ అడగలేదు, వాళ్లు తుడిచేయమని కోరడానికి జాబితాలో వాళ్ల ఖాతా కూడా లేదు.